టీబీ లెక్కలు ఎలా చదవాలి?

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, ల్యాబ్ టెక్నీషియన్లు ఉన్నారు. వెనక నర్సింగ్, స్టాటిస్టిక్స్ విద్యార్థులు ఉన్నారు. లెక్క రాసేవాళ్లూ, రేపు ఆ లెక్కను చదవబోయేవాళ్లూ ఒకే హాల్లో కూర్చోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే ప్రపంచ క్షయ దినం నాడు మామూలుగా చెప్పే లక్షణాలు, జాగ్రత్తల జోలికి ఎక్కువగా వెళ్లను. 140 కోట్ల జనం ఉన్న దేశంలో ఈ జబ్బు తగ్గుతోందో పెరుగుతోందో అసలు ఎలా తెలుస్తుంది? ఈ ఒక్క విషయమే మాట్లాడతాను.

2019లో మన దేశంలో 24 లక్షల టీబీ కేసులు నమోదయ్యాయి. 2020లో 18 లక్షలే. ఏడాది తిరిగేసరికి పావు వంతు తగ్గింది. గ్రాఫ్ ఒక్కటే చూస్తే పండగ చేసుకోవాలి. కానీ ఆ ఏడాది ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. లాక్‌డౌన్‌లో బస్సులు లేవు. టీబీ పరీక్షకు వాడే ట్రూనాట్, సీబీనాట్ యంత్రాలు కరోనా పరీక్షలకు వెళ్లాయి. టీబీ సిబ్బందికి కోవిడ్ డ్యూటీలు పడ్డాయి. దగ్గు ఉందని చెబితే ఎక్కడ క్వారంటైన్‌కు తీసుకుపోతారోనని జనం దగ్గును దాచుకున్నారు. జబ్బు ఇళ్లలోనే ఉండిపోయింది, రిజిస్టరులోకి మాత్రం రాలేదు. 2022 నాటికి నమోదు మళ్లీ 24 లక్షలు దాటింది, 2023లో 25 లక్షలు దాటింది. ఆ పెరుగుదల చూసి కొంతమంది కంగారుపడ్డారు. నిజానికి కంగారు పడాల్సింది 2020లో.

కాబట్టి రిజిస్టరులో ఉన్న సంఖ్య మన వెతుకులాట ఎంతో చెబుతుంది. జబ్బు ఎంతో తెలియాలంటే ఇంకో దారి వెతకాలి. ఆ దారి వెతికిన తొలివాళ్లలో మన మదనపల్లె వాళ్లు ఉన్నారు.

మదనపల్లె దగ్గర టీబీ రోగుల కోసం కట్టిన ఆరోగ్యవరం శానిటోరియం పేరు రాయలసీమలో పెద్దవాళ్లందరికీ తెలుసు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ తండ్రీకొడుకులు అక్కడ పనిచేశారు. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. అంతకన్నా నాకు గొప్పగా అనిపించేది ఇంకొకటి ఉంది. రోగులు ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా, చుట్టుపక్కల పల్లెలకు ఆసుపత్రివాళ్లే వెళ్లి, టీబీ సోకిందో లేదో చూసే చర్మ పరీక్షలు చేసి, ఎక్స్‌రేలు తీసి, అదే జనాన్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూశారు. ఆ రోజుల్లో ఆ దారుల్లో ఎక్స్‌రే యంత్రాన్ని పల్లె పల్లెకూ తిప్పడం అంటే ఎంత కష్టమో ఊహించుకోండి.

1955–58 మధ్య భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా సర్వే చేసింది. అప్పటిదాకా టీబీని బస్తీల జబ్బు, మిల్లు కార్మికుల జబ్బు అనుకునేవారు. పల్లెల్లో కూడా దాదాపు పట్నాల్లో ఉన్నంత టీబీ ఉందని ఆ సర్వేలో తేలింది. సరిగ్గా ఆ కాలంలోనే మద్రాసులో జరిగిన పరిశోధన ఇంకో సంగతి రుజువు చేసింది. ఇంటి దగ్గరే ఉండి మందులు వాడినవాళ్లకూ శానిటోరియంలో మంచం మీద ఉన్నవాళ్లతో సమానంగా నయమైంది. జబ్బు పల్లెపల్లెనా ఉంది, వైద్యం ఇంటి దగ్గరే సాధ్యం. ఈ రెండూ కలిసి 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమానికి పునాది వేశాయి. ఒక్క సర్వే దేశం ఆలోచనను అంతగా మార్చింది. అయినా ఆ తర్వాత అలాంటి పూర్తి స్థాయి జాతీయ సర్వే కోసం మనం 60 ఏళ్లకు పైగా ఆగాం. అంత ఆలస్యం కావాల్సింది కాదని నా గట్టి అభిప్రాయం.

మధ్యలో మన లెక్కకు పెద్ద చిల్లు ఉండేది. దాని పేరు ప్రైవేటు వైద్యం. దగ్గు వస్తే మన ఊళ్లో మొదట ఎవరి దగ్గరికి వెళ్తాం? ఆర్ఎంపీ దగ్గరికో, మందుల షాపుకో. తగ్గకపోతే టౌన్లో ప్రైవేటు డాక్టరు దగ్గరికి. అక్కడ టీబీ అని తేలి మందులు మొదలుపెట్టినా ప్రభుత్వానికి తెలిసేది కాదు. ప్రతి కేసూ తెలియజేయాల్సిందేనని 2012లో ఆదేశం వచ్చింది, ఆ ఏడాదే కేసులను ఆన్‌లైన్‌లో నమోదు చేసే నిక్షయ్ పోర్టల్ మొదలైంది. 2016లో పరిశోధకులు తెలివైన పని చేశారు. రోగులను వదిలేసి, ప్రైవేటులో అమ్ముడైన టీబీ మందులను లెక్కపెట్టారు. 2014లో అమ్ముడైన మందులను బట్టి ప్రైవేటులో దాదాపు 22 లక్షల మందికి వైద్యం జరిగి ఉంటుందని తేలింది. అంతకుముందు అనుకున్నదానికి అది రెండు మూడు రెట్లు. 2016లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో ఏటా కొత్తగా జబ్బు పడేవారి అంచనాను 22 లక్షల నుంచి 28 లక్షలకు పెంచింది. ఏడాదిలో 6 లక్షల మంది కొత్తగా పుట్టుకురాలేదు. వాళ్లు అంతకుముందూ ఉన్నారు, మన కంటికి కనబడలేదంతే.

చివరికి 2019–21లో జాతీయ సర్వే జరిగింది. దాంట్లో రెండు విషయాలు ముందు వరుసల్లో ఉన్నవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. టీబీ లక్షణాలు ఉన్నవాళ్లలో 64 శాతం మంది ఎక్కడా వైద్యానికి వెళ్లలేదు. ఇక ఛాతీ ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి వదిలేసి ఉంటే, దొరికిన కేసుల్లో 43 శాతం దొరికేవే కావు. అంటే దగ్గు లేదు, జ్వరం లేదు, మనిషి పనికి వెళ్తున్నాడు, కానీ ఊపిరితిత్తుల్లో జబ్బు ఉంది. 2024 డిసెంబరులో మొదలైన వంద రోజుల కార్యక్రమంలోనూ ఇదే కనిపించింది. చేత్తో పట్టుకుపోయే ఎక్స్‌రే యంత్రాలతో జనం దగ్గరికే వెళ్లారు. అప్పుడు నమోదైన 7.19 లక్షల మందిలో 2.85 లక్షల మందికి ఏ లక్షణమూ లేదు.

ఆ జాతీయ సర్వేలో రాష్ట్రాల మధ్య తేడా కూడా చాలా ఉంది. ఢిల్లీలో లక్ష జనాభాకు 534 మందికి టీబీ ఉంటే, గుజరాత్‌లో 137 మందికి ఉంది. ఆ గుజరాత్ అప్పటికే జనాభాతో పోలిస్తే నమోదు బాగా చేస్తున్న రాష్ట్రాల్లో ఒకటి. దీన్నొక్కదాన్నే చూసి తీర్మానాలు చేయకూడదు కానీ, రిజిస్టరు నిండుగా ఉన్నచోట జబ్బు ఎక్కువ ఉందనుకోవడం ఎంత తప్పో తెలియడానికి ఇది చాలు.

ఇంత పెద్ద లెక్కలు చివరికి ఎక్కడ మొదలవుతాయో చూద్దాం. తెమడ డబ్బా దగ్గర. రోగి చేతికి డబ్బా ఇచ్చి "ఇందులో ఉమ్మి తీసుకురా" అంటే అతను నిజంగా ఉమ్మే తెస్తాడు. నీళ్లలా, నురగలా ఉంటుంది. దాన్ని పరీక్షిస్తే చాలాసార్లు ఏమీ కనబడదు, నెగెటివ్ అని రాస్తాం, మనిషి ఇంటికెళ్లిపోతాడు. అదే "పొద్దున లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించు, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి లోపలినుంచి దగ్గి తీయి, చిక్కగా రావాలి" అని ఒక్క నిమిషం కూర్చోబెట్టి చెబితే ఫలితం వేరుగా ఉంటుంది. ఆ ఒక్క నిమిషం మీదే ఢిల్లీలో వేసే గ్రాఫ్ ఆధారపడి ఉంది. నేను అతిశయోక్తి చెప్పడం లేదు.

తర్వాతది ఫోన్ నంబరు, చిరునామా. పెళ్లి కావలసిన ఆడపిల్లకు టీబీ అని తేలితే ఇంట్లోవాళ్లు సొంత నంబరు ఇవ్వరు, పక్క ఊరి చుట్టాల చిరునామా చెబుతారు. పాలమూరు నుంచి ముంబై పనులకు వెళ్లినవాళ్లకు రెండు ఊళ్లు, కొన్నిసార్లు రెండు రిజిస్టర్లు. మందు మధ్యలో ఆగితే ఎవరి ఖాతాలో ఆగినట్టు? వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. గుట్టు నిలబెడతారన్న నమ్మకం మనం కలిగిస్తే నంబరు వాళ్లే ఇస్తారు.

ఇప్పుడు వెనక కూర్చున్నవాళ్లకు ఒక మాట. మీ జిల్లాలో కేసులు తగ్గాయని ఎవరైనా చెబితే, ఎంతమందికి పరీక్ష చేశారో ముందు అడగండి. పరీక్షలూ తగ్గి కేసులూ తగ్గితే అందులో సంతోషించాల్సిందేమీ లేదు. పరీక్షలు పెరుగుతూ, ఒక్క కేసు దొరకడానికి చేయాల్సిన పరీక్షల సంఖ్య ఏటేటా పెరుగుతూ పోతే, మందుల షాపుల్లో అమ్మకం కూడా తగ్గితే, అప్పుడు జబ్బు నిజంగా వెనక్కి తగ్గుతోందని నమ్మవచ్చు. 2015తో పోల్చి తగ్గుదలకు కాంస్యం, రజతం, స్వర్ణం అంటూ జిల్లాలకు గుర్తింపు ఇచ్చేటప్పుడు ఇంటింటి సర్వేతో పాటు మందుల అమ్మకాలు కూడా చూసేది ఇందుకే. ఆ పద్ధతి మంచిదే. కానీ పతకం మీద ఆశ ఎక్కువైతే వెతకడం మీద శ్రద్ధ తగ్గే ప్రమాదం ఉంది. ఎక్కువ కేసులు పట్టుకున్న జిల్లా అధికారి రివ్యూ మీటింగుకు టెన్షన్‌తో వెళ్లే పరిస్థితి ఉండకూడదు. ఆయన్ని ముందుగా అభినందించాలి, ఆ తర్వాతే ప్రశ్నలు అడగాలి.

ఇంకో అంకె గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది రోగి బరువు. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా రేషన్స్ అనే అధ్యయనం జరిగింది. రోగికే కాదు, ఆ ఇంట్లో ఉన్నవాళ్లకూ బియ్యం, పప్పు ఇచ్చి చూశారు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు, అంతే. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లకు చనిపోయే ముప్పు దాదాపు 60 శాతం తక్కువగా కనిపించింది. నేను ఈ ఫలితాలు చదివినప్పుడు ఆనందమూ కలిగింది, కడుపు మండింది కూడా. ఇంత మామూలు తిండి లేకనా మనవాళ్లు చచ్చిపోతున్నది అని. తమిళనాడు 2022 నుంచి రోగి నమోదైన రోజే బరువు, ఆక్సిజన్, ఊపిరి వేగం, తనంతట తాను నిలబడగలడా లేదా చూసి, బాగా నీరసించినవాళ్లను వెంటనే ఆసుపత్రిలో చేరుస్తోంది. దీనికి కావలసింది ఒక తూకం యంత్రం, ఒక పల్స్ ఆక్సీమీటరు, చూడాలన్న పట్టుదల. పోషణ కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1000 అయ్యాయి. అవి ఖాతాలో ఆలస్యంగా పడితే తిండి అవసరమైన మొదటి రెండు నెలలూ గడిచిపోతాయి. డబ్బు ఎంతమందికి అందిందన్నదానితో పాటు ఎన్నో వారంలో అందిందన్నది కూడా లెక్కలో ఉండాలి.

ఇక మొత్తం దేశం సంగతి. లక్షకు 2015లో 237 మంది కొత్తగా జబ్బు పడేవారు, 2024లో 187 మంది. 21 శాతం తగ్గుదల. మరణాలు లక్షకు 28 నుంచి 21కి దిగాయి. ప్రపంచ సగటు కన్నా ఇది వేగం. ఆ ఘనతలో ఈ హాల్లో ఉన్నవాళ్ల కష్టం ఉంది. అయితే 2025 నాటికి 80 శాతం తగ్గించాలని మనం పెట్టుకున్న లక్ష్యానికి ఇది చాలా దూరం. ఇప్పటికీ ఏటా 3 లక్షల మంది వరకు చనిపోతున్నారు. ఆరు నెలల మందులతో నయమయ్యే జబ్బుతో.

ఈరోజు ఇళ్లకు వెళ్లాక ఒక పని చేయండి. మీ వీధిలో, మీ చుట్టాల్లో టీబీ మందులు వాడినవాళ్లు ఉంటే, ఆ ఇంట్లో మిగతావాళ్లందరికీ ఎక్స్‌రే తీశారో లేదో కనుక్కోండి. తీయకపోతే దగ్గరలోని పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. వివరాలకు నిక్షయ్ టోల్ ఫ్రీ నంబరు 1800 11 6666. ఇక మీ ప్రశ్నలు అడగండి, ముందు ఆశా కార్యకర్తల నుంచి మొదలుపెడదాం.