రంగేసిన పులి, డబ్బాలో మంత్రం: డల్లాస్‌లో ఒక వానపూట వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? పోయిన వారం మా పెద్దమ్మ ఫోన్ చేసి, "ఎప్పుడు చూసినా ఆ కాస్ట్కో షాపులో బండి తోసుకుంటూ తిరుగుతావు, మీ ఊళ్ళో ఇంకేం లేవా?" అంది. ఏం చేయను పెద్దమ్మా, ఆ వీడియోలకే వ్యూస్ వస్తాయి. అయినా నీ మాట తీసేయలేక ఈ శనివారానికి వేరే ప్లాన్ వేశాను.

క్రాస్ ప్లెయిన్స్ అని టెక్సాస్‌లోనే ఒక చిన్న ఊరు. మా ఇంటి నుంచి సుమారు మూడు గంటల డ్రైవ్. రాబర్ట్ హోవర్డ్ అనే రచయిత ఉన్న ఇల్లు అక్కడుంది, ఇప్పుడది మ్యూజియం. కండలు తిరిగిన కోనన్ అనే వీరుణ్ణి పుట్టించింది ఈయనే. ఆ మొదటి కథ 1932లో ఒక పల్ప్ పత్రికలో వచ్చింది. పల్ప్ అంటే చవకరకం కాగితం మీద అచ్చేసే కాలక్షేపం పత్రికలు. ముప్ఫై ఏళ్ళకే, 1936లో పోయాడాయన. కత్తి పట్టిన వీరుడు, ఎదురుగా ఒక మాంత్రికుడు, మధ్యలో పాడుబడ్డ కోట. ఇలాంటి కథలను ఇక్కడ 'సోర్డ్ అండ్ సోర్సరీ' అంటారు. ఆ పేరు 1961లో ఫ్రిట్జ్ లైబర్ అనే ఇంకో రచయిత పెట్టాడు. మనకైతే 'జానపదం' అంటే అయిపోయేది.

పొద్దున్నే పులిహోర కలిపి బాక్సుల్లో సర్దాను. ఎనిమిదింటికి ఇంట్లో ఫోన్లన్నీ ఒకేసారి కూశాయి. ఇక్కడ పెద్ద గాలివాన వచ్చేలా ఉంటే ఫోనే అరుస్తుంది. మా వారు కిటికీలోంచి ఒకసారి ఆకాశం చూసి, బూట్లు విప్పేశారు. ఆ బూట్లు విప్పారంటే ఇక ట్రిప్ లేదని అర్థం.

సరే, ఆ ఊరికి వెళ్ళలేకపోతే ఆ కత్తీ మంత్రాల సినిమాలే మనింటికి వస్తాయి. ఇదిగో ఈ అట్టపెట్టె చూడండి. రెండు వీధుల అవతల ఒకాయన గ్యారేజ్ సేల్‌లో కొన్నాను. పది వీడియో క్యాసెట్లు ఐదు డాలర్లు, అంటే డాలరుకు 85 వేసుకుంటే 425 రూపాయలు. దాంతోపాటు ఆ క్యాసెట్లు ఆడించే వీసీఆర్ ఇరవై డాలర్లు, 1700. ఈ కాలంలో వీసీఆర్‌కి 1700 పెట్టానంటే మా వారి మొహం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి, ఆ క్లిప్ పెట్టొద్దన్నారు.

అమ్మినాయనకు యాభై పైనే ఉంటాయి. పెట్టె ఇస్తూ ఒక్కో అట్టనూ తడిమాడు. చిన్నప్పుడు వాళ్ళింట్లో కేబుల్ పెడితే ఎప్పుడూ 'బీస్ట్‌మాస్టర్' అనే సినిమానే వచ్చేదట. 1982 సినిమా అది. ఆ కేబుల్ ఛానెల్ పేరు హెచ్‌బీవో, దానికి అసలు అర్థం 'హే, బీస్ట్‌మాస్టర్ ఆన్' అని అప్పట్లో జోకు. అందులో హీరోకి జంతువులు సాయం చేస్తాయి, ఒక నల్ల చిరుతతో సహా. అది చిరుత కాదండీ, పులికి నల్లరంగు వేశారు! మా తొమ్మిదేళ్ళ వాడు స్క్రీన్‌కి ముక్కు ఆనించి చూసి, "అమ్మా, దిస్ ఈజ్ టైగర్" అని పట్టేశాడు. దానికి ఎంతమంది కలిసి రంగు పూసుంటారో, అది ఎలా ఊరుకుందో అని నేను ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు ఈ అట్టలు దగ్గరగా చూపిస్తాను. వీటి వ్యాపారమంతా అట్టలోనే ఉంది. 1980లలో ఇక్కడ వీధికో వీడియో షాపు. శుక్రవారం సాయంత్రం జనం వచ్చి, బొమ్మ చూసి క్యాసెట్ తీసుకెళ్ళేవారు. అందుకే బొమ్మకి మంచి ఆర్టిస్టును పెట్టేవారు. 'డెత్‌స్టాకర్' అనే సినిమా పోస్టర్ బోరిస్ వలేహో వేశాడు, ఆ రోజుల్లో ఇలాంటి బొమ్మలకు పెద్ద పేరు ఆయనది. అట్ట మీదున్న వైభవంలో సినిమాలో కనబడేది పదో వంతు. పెళ్ళిచూపుల ఫొటో స్టూడియోలో దిగినట్టన్నమాట.

లెక్కలు కూడా చెప్తాను, లేకపోతే మా బాబాయ్ కామెంట్లో అడుగుతారు. 1982లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్‌తో కోనన్ సినిమా తీశారు. ఖర్చు దాదాపు రెండు కోట్ల డాలర్లు, మనం వేసుకున్న 85 రేటుకు 170 కోట్ల రూపాయలు. అంతకు ముందు నెలలోనే 'ది సోర్డ్ అండ్ ది సోర్సరర్' అని ఒకటి వచ్చింది. దాని ఖర్చు సుమారు 40 లక్షల డాలర్లు, అంటే 34 కోట్లు. వసూలు ఒక్క అమెరికాలోనే దాదాపు మూడు కోట్ల తొంభై లక్షల డాలర్లు, 330 కోట్ల పైన! అన్నట్టు ఇదంతా ఆ 85 రేటు. అప్పట్లో డాలరు తొమ్మిదిన్నర రూపాయలే. అప్పుడే వచ్చి ఉంటే... సరే, వదిలేయండి.

ఆ 'సోర్డ్ అండ్ ది సోర్సరర్'లో హీరో కత్తికి మూడు అలుగులు. రెండు బాణాల్లా ఎగిరిపోతాయి, ఒకటి చేతిలో మిగులుతుంది. అంత డబ్బు వచ్చాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? రోజర్ కోర్మన్ అనే నిర్మాత ఖర్చు తక్కువని ఏకంగా అర్జెంటీనా వెళ్ళి, అక్కడి కంపెనీతో కలిసి వరసగా తీయించాడు. ఒక సినిమాలో జరిగిన యుద్ధం ఇంకో సినిమాలో మళ్ళీ జరుగుతుంది, అవే ముక్కలు అతికించేశారు కాబట్టి. ఇటలీవాళ్ళూ తగ్గలేదు. వాళ్ళ ఏటర్ అనే వీరుడు రెండో సినిమాలో హ్యాంగ్ గ్లైడర్, అంటే గాల్లో తేలే పెద్ద గుడ్డ రెక్క, కట్టుకుని కోట మీద బాంబులు వేస్తాడు. కత్తుల కాలంలో గ్లైడర్ ఎక్కడిది అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

ఒక జాగ్రత్త. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏది పడితే అది పెట్టకండి. మన జానపదాలకు ముసలమ్మ దగ్గర్నుంచి చంటిపిల్ల దాకా ఇంటిల్లిపాదీ వెళ్ళేవాళ్ళం. వీళ్ళవి చాలావరకు పెద్దవాళ్ళ సర్టిఫికెట్‌వి. నేను తెలియక పేరు చెప్పలేని ఒక క్యాసెట్ పెట్టి, వీడియో కాల్‌లో నాన్నని కూడా కూర్చోబెట్టాను. ఐదు నిమిషాలకే రిమోట్ కోసం సోఫా దిండ్లన్నీ ఎత్తి చూశాను. వీసీఆర్‌కి రిమోటే లేదని అప్పుడు గుర్తొచ్చింది. టీవీకి అడ్డంగా నిలబడ్డాను. నాన్న అటునుంచి, "సిగ్నల్ పోయినట్టుందమ్మా" అన్నారు. పెద్దమనిషి.

తర్వాత జాగ్రత్తగా వెతికి 'హాక్ ది స్లేయర్' పెట్టాను, 1980లో ఇంగ్లండ్‌లో తీసింది. ఇది ఇంటిల్లిపాదీ చూడొచ్చు. విలన్‌గా వేసింది జాక్ పాలెన్స్ అనే నటుడు, హీరోకి అన్న వేషం. వాళ్ళ తండ్రిగా వేసినాయన కంటే ఈయన మూడేళ్ళే చిన్న. నాన్న వెంటనే, "మన దగ్గర అమ్మ వేషాలకు ఇదే గొడవ" అన్నారు. విల్లు పట్టుకున్నవాడు మరమగ్గంలా టకటకా బాణాలు వేస్తుంటాడు, చూస్తే ఒకే ముక్కని మళ్ళీ మళ్ళీ అతికించారు. మంత్రగత్తె శత్రువును మంత్రంతో కట్టిపడేస్తుంది. దేనితో అనుకున్నారు? పుట్టినరోజు పార్టీల్లో డబ్బాలోంచి చిమ్ముతారే, ఆ దారం నురగ! సాక్షాత్తు అదే. మావాడు సోఫా మీంచి కింద పడ్డాడు నవ్వలేక.

నాకు నవ్వు రాలేదండీ, అదేంటో. పోయిన నెల వీణ్ణి ఒక కొత్త గ్రాఫిక్స్ సినిమాకి తీసుకెళ్ళాం, టికెట్లూ పాప్‌కార్నూ కలిపి డెబ్భై డాలర్లు, దాదాపు ఆరు వేలు. ఆకాశం చీలిపోతున్నా వాడు పాప్‌కార్న్ డబ్బాలోనే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఇక్కడ మాత్రం ప్రతి షాట్‌కీ "హౌ? హౌ?" అని అడుగుతూనే ఉన్నాడు. ఎలా చేశారో సగం కనిపిస్తోంది కదా, మిగతా సగం కూడా తెలిసిపోవాలి వాడికి.

వాడికి జవాబు చెప్పింది నేను కాదు, తాతగారు. "ఒరే కన్నా, మా విఠలాచార్య ఇవన్నీ అరవైల్లోనే చేశాడురా" అని మొదలుపెట్టారు. మనిషి మాయమవ్వాలంటే కెమెరా కదలకూడదు. ఆపు, మనిషిని పక్కకు పంపు, మళ్ళీ తిప్పు. అంతే. కత్తి ఎగిరొచ్చి చేతిలో పడాలంటే, చేతిలోంచి విసిరేసి రీలు వెనక్కి తిప్పు. కాంతారావు కత్తి పట్టుకుంటే మణికట్టు ఎలా తిరిగేదో గరిటెతో చూపించారు. వాడికి తెలుగు సగమే అర్థమవుతుంది, గరిటె మాత్రం పూర్తిగా అర్థమైంది.

ఇక్కడ పదిన్నర, అక్కడ రాత్రి తొమ్మిది. నాన్న తొమ్మిదికల్లా పడుకుంటారు. మామూలుగా మా ఫోన్లు రెండు నిమిషాలే, తిన్నారా, మందులు వేసుకున్నారా, ఉంటాను. ఆ రోజు సినిమా అయిపోయింది, రెండో భాగం ఉంటుందన్నట్టు ముగించారు కానీ ఇన్నేళ్ళయినా ఆ సినిమా రాలేదు. అది చెప్తే నాన్న, "అయితే మనమే తీద్దాం" అన్నారు.

మా వారు వానలోనే వెళ్ళి డాలర్ షాపులో దారం డబ్బాలు రెండు తెచ్చారు, రెండున్నర డాలర్లు, 212 రూపాయలు. మా సినిమా మొత్తం బడ్జెట్ అదే. దర్శకత్వం తాతగారు, వాట్సాప్ మీద. నేను మాంత్రికురాలిని, పాత కాటన్ చీర తిరగేసి కట్టుకున్నాను. గరిటె కత్తి. మావాడు హీరో. మొదటి షాట్‌లో వాడు మాయమయ్యాడు, నిజంగానే, మీరు ఆ క్లిప్ ఇప్పుడు చూస్తున్నారు. నేను స్టాండ్ తగిలి కెమెరా కదిపేశానని నాలుగుసార్లు తీయించారు నాన్న. కార్పెట్ నిండా రంగుల దారం. అది వదలదని తర్వాత తెలిసింది, ఆ ఖర్చు బడ్జెట్‌లో కలపలేదు.

ఐదో టేక్‌కి హీరో అలిగాడు. ఆకలట, ఇంక చేయడట. పులిహోర బాక్సు తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. నాన్నకి అక్కడ పదకొండు దాటింది, పడుకోండి నాన్నా అంటే వినరు. మాట వినని నటుల్ని విఠలాచార్య కథలోనే చిలకగానో మేకగానో మార్చేసి షూటింగ్ పూర్తి చేసేవాడని ఇండస్ట్రీలో చెప్పుకుంటారు కదా. "ఇంకేం ఆలోచిస్తున్నావమ్మా, వాణ్ణి చిలకని చేసెయ్" అన్నారు.

ఇంట్లో చిలక లేదు. వాడి పాత పెంగ్విన్ బొమ్మ ఉంది, ఒక కన్ను ఊడింది. సోఫా మీద నిలబెట్టి, చేతికి గరిటె కట్టి, మిగతా కథంతా దానితోనే తీశాం.