ముందు బొమ్మ, తర్వాత చీటీ

అందరికీ నమస్కారం.

చిత్ర ప్రదర్శనకు వెళ్తే మనలో చాలామంది ముందు చదివేది బొమ్మ పక్కన అంటించిన చీటీ. ‘క్యూబిజం’, ‘అబ్‌స్ట్రాక్ట్’ అని కనిపించగానే, ఇది మనకు అర్థమయ్యేది కాదులే అని పక్కకు జరుగుతాం. ఆ బెరుకు పోవాలనే ఈరోజు అనంతపురంలో మీ ముందు నిలబడ్డాను.

ఆ పేర్లలో కొన్ని గీసినవాళ్లు పెట్టుకున్నవి కూడా కావు. 1874లో పారిస్‌లో కొందరు చిత్రకారులు సొంతంగా ప్రదర్శన పెట్టుకుంటే, మోనే గీసిన సూర్యోదయం బొమ్మకున్న ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ అనే పేరు పట్టుకుని లూయీ లెరోయ్ అనే విమర్శకుడు వెక్కిరించాడు. ఆ వెక్కిరింతే ‘ఇంప్రెషనిజం’గా స్థిరపడింది. 1905లో మతీస్ అనే చిత్రకారుడి బృందం రంగులు చూసి ఇంకొకాయన ‘అడవి మృగాలు’ (ఫ్రెంచిలో ‘ఫావ్’) అన్నాడు. ఫావిజం అలా పుట్టింది. పేరు దండగ అనడం లేదు. బొమ్మ ఏ కాలానిదో, వేటితో కలిపి చూడాలో అది చెబుతుంది. మీకు నచ్చాలో వద్దో చెప్పే హక్కు మాత్రం దానికి లేదు.

మన లేపాక్షి వీరభద్రాలయం పైకప్పునే తీసుకోండి. ‘విజయనగర శైలి, 16వ శతాబ్దం’ అని పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. మీరు తలెత్తి కాసేపు నిలబడండి. నల్లటి గీత మనిషి ఆకారాన్ని తడబడకుండా చుట్టి వస్తుంది. ముఖం పక్కకు తిరిగినా కన్ను మాత్రం పెద్దగా, కోలగా మనకు కనిపిస్తూనే ఉంటుంది. చీరల మీద గళ్లు, పూలు, రకరకాల అంచులు. ఇంత చూశాక ‘విజయనగర శైలి’ అని చదివితే ఆ మాటకు బరువొస్తుంది.

నిమ్మలకుంట ఊళ్లో చేసే తోలుబొమ్మలకు ‘జానపద కళ’ అన్న చీటీ తగిలిస్తారు. అది విని బేరం తగ్గించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మేకతోలును వెలుగు దూరేంత పల్చగా గీకాలి, నగల్లోని ఒక్కో చిల్లూ ఉలితో కొట్టాలి, ఆపైన రంగులద్దాలి. ఆ పనికే 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. కొనేటప్పుడు బొమ్మను దీపానికి అడ్డంగా పట్టి చూడండి. తోలు అన్నిచోట్లా ఒకే మందంలో ఉండదు. రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా వెలుగుతుంది. చేతిపని అక్కడే తెలిసిపోతుంది.

కాన్వాసయితే ఏటవాలుగా చూడండి. నూనెరంగుల్లో కుంచె గట్లు తరచూ కనిపిస్తాయి. భూతద్దం కింద సన్నటి చుక్కలు వరుసగా కనిపిస్తే అది అచ్చు వేసింది. అచ్చు కొనడం తప్పేం కాదు, కానీ దానికి అసలు బొమ్మ ధర పెట్టకండి.

ఎంచుకోవడానికి నేను చెప్పే పద్ధతి ఒకటే. చీటీలు చదవకుండా హాలంతా ఒకసారి తిరగండి. బయటికి వచ్చాక కూడా ఏ బొమ్మ కళ్లలో మెదులుతోందో చూసుకుని, దాని దగ్గరికే మళ్లీ వెళ్లండి. సోఫా రంగుకు కలిసిందని కొనకండి, రేపు ధర పెరుగుతుందనీ కొనకండి. పెద్దది కొనే స్తోమత లేకపోతే అదే చిత్రకారుడి చిన్న పెన్సిల్ స్కెచ్ అడగండి. ఏ రంగులు వాడారు, ఎప్పుడు గీశారు అని అడిగి, సంతకం, సంవత్సరం ఉన్నాయో లేదో చూసుకోండి. మొహమాటం అక్కర్లేదు, గీసినవాళ్లకు ఆ ప్రశ్నలంటే ఇష్టమే. ఈ హాల్లో కొందరు చిత్రకారులు కూడా ఉన్నారు, ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.