రిజిస్టర్‌లో ఒక్కడు, బట్టీలో నలుగురు

హోస్ట్: నమస్కారం. కార్మిక శాఖలో సహాయ కార్మిక అధికారిగా చేసి రిటైరైన సార్ ఈ రోజు మనతో ఉన్నారు. సార్, తనిఖీకి వెళ్తే మొదట ఏం చూస్తారు?

అతిథి: రిజిస్టరమ్మా. అడక్కముందే టేబుల్ మీద ఉంటుంది. ఇటుక బట్టీనే తీసుకోండి. ఒడిశాలో బలంగీర్, నువాపడా నుంచి కుటుంబాలకు కుటుంబాలే పెద్దపల్లి, సంగారెడ్డి వైపు వస్తాయి. వానలు పడేదాకా ఇక్కడే. రిజిస్టర్‌లో మొగుడి పేరొక్కటే. మట్టి కలిపి ముద్దలు చేసేది భార్య, అచ్చు పోసేది అతను, ఆరిన ఇటుకలు తిప్పేది పిల్లలు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని. ఒక్కడి పేరు మీద చూస్తే కనీస వేతనం వచ్చినట్టే ఉంటుంది. చేసినవాళ్లందరికీ పంచి చూడండి, రాదు.

హోస్ట్: వాళ్లనే అడగొచ్చు కదా సార్?

అతిథి: ఏ భాషలో అడగాలి? నాకు ఒడియా రాదు, వాళ్లకు తెలుగు రాదు. మధ్యలో మాట చెప్పేవాడు సర్దారు. ఊళ్లో అడ్వాన్సు చేతిలో పెట్టి తీసుకొచ్చిందీ అతనే. ఒకావిడని, అడ్వాన్సు ఇంకా ఎంత తీరాలమ్మా అనడిగాను. ఆవిడ సర్దారు మొహం చూసింది. ఏదో అంది. "ఇబ్బందేం లేదంటోంది సార్" అన్నాడు. రాసుకుని వచ్చేశాను. ఆ కాగితం మీద నా సంతకముంది. ఇప్పటికీ బాధే.

హోస్ట్: చెప్పకుండా వెళ్లే అధికారం ఉంటుంది కదా?

అతిథి: ఉంది. కార్మిక తనిఖీల మీద ఐఎల్‌ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, 81వ ఒప్పందం 1947లో వచ్చింది, మన దేశం 1949లోనే ఆమోదించింది. రాత్రైనా పగలైనా ముందు కబురు లేకుండా వెళ్లొచ్చని అందులోనే ఉంది. ఇటుక పనేమో ఎండెక్కకముందే జోరుగా సాగుతుంది. ఆ చీకట్లో వెళ్లాలంటే బండి, తోడు మనిషి కావాలి. నాకు సొంత మోటార్‌సైకిల్, మూడు మండలాలు. షాపులు, బట్టీలు, భవన కార్మికుల కార్డులు, అన్నీ నేనే.

హోస్ట్: తప్పు దొరికితే?

అతిథి: 1948 కనీస వేతనాల చట్టం ఉన్నప్పుడు జరిమానా మహా అయితే 500 రూపాయలే ఉండేది. ఆరు నెలల జైలు కూడా రాసుండేది, నా కేసుల్లో ఎవరూ వెళ్లలేదు. దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్ జరిమానాను 50,000 దాకా పెంచింది, మంచిదే. ఎక్కడికెళ్లాలో కంప్యూటర్ ఎంచే పద్ధతీ వచ్చింది. లంచాలు, వేధింపులు తగ్గాలని తెచ్చారు, ఆ రోగం మా శాఖలో లేదని నేననను. కంప్యూటర్‌లో పేరే లేని బట్టీ సంగతేంటి మరి?

హోస్ట్: వెట్టి చాకిరీ అని తేలితే?

అతిథి: 1976 చట్టం ప్రకారం విడిపించే అధికారం కలెక్టర్ చేతిలో ఉంటుంది. శుక్రవారం చూసి నేను కాగితం పంపితే, విడిపించేలోపే, సోమవారానికి గుడిసెలు ఖాళీ.

హోస్ట్: కొత్తగా చేరేవాళ్లకు ఏం చెప్తారు?

అతిథి: ఒడియా వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి. సర్దారును దూరంగా కూర్చోబెట్టండి. పెద్దపల్లి వైపు బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో బడులు నడిపారు. ముందు అక్కడికెళ్లి హాజరు పట్టీ అడగండి. పిల్లల పేర్లు అందులో ఉంటాయి. అది పట్టుకుని గుడిసె గుడిసెకీ వెళ్తే, రిజిస్టర్‌లో లేని తల్లుల పేర్లు దొరుకుతాయి.