కుందేలు ఎత్తుల కెమెరా పెడితే: హన్మకొండ పెరట్ల ఒక పొద్దు

అందరికీ నమస్తే. ఇయ్యాల వీడియోల మనుషుల మొకాలు కనపడకపోతే పరేషాన్ కాకుండ్రి. ఫోన్ తెచ్చి నేలకు జానెడు ఎత్తుల, పెరటి గోడకు ఆనిచ్చి పెట్టినం. చెప్పులు, మేక గిట్టలు, కోడి కాళ్లు, పైన ఇంత ఆకాశం, అంతే ఫ్రేము. కుందేలుకు హన్మకొండ గిట్లనే ఉంటది.

గిట్లనే అంటే పూర్తిగా కాదు. ఫోన్ల అల్ట్రా వైడ్ పెట్టినా 120 డిగ్రీల దాకనే వస్తది. కుందేలుకు ఒక్కో కన్నే దాదాపు 190 డిగ్రీలు చూస్తది. రెండు కలిస్తే చుట్టూ 360కి జరంత తక్కువ. తల తిప్పకుంటనే వెనుక తలుపు తీసింది ఎవరో, నెత్తి మీద తిరుగుతున్న గద్ద ఏదో, అన్నీ పట్టేస్తది. మనకు 200 దాకా, పిల్లికి కూడా అంతే, కుక్కకు 240 దగ్గర. మేక 320 దాటుతది.

మేకను జర దగ్గర నుంచి చూపెడ్తం, ఆగుండ్రి. కంటిపాప అడ్డంగా, డిబ్బీల చిల్లర వేసే సందులెక్క ఉంటది. ఇప్పుడు మేక తల వంచి గడ్డి మేస్తున్నది. తల కిందికి పోయినా ఆ గీత మాత్రం నేలకు సమానంగనే ఉన్నది, చూసిండ్రా? గుడ్డే లోపల 50 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ కూడా తిరుగుతది. మేసుకుంట కూడా చుట్టుపక్కల మీద కన్నేసి ఉంచే ఏర్పాటు అది.

కుందేలు ఇంత చూసినందుకు కట్టే ధర ఉంది. రెండు కండ్లు కలిసి చూసే జాగ ముందర 30 డిగ్రీలే. మనకు అది 120 ఉంటది, అందుకే సూదిల దారం ఎక్కిస్తం. చెయ్యి చాపి బొటనవేలు గోరు చూడుండ్రి. మన కంటికి బాగా స్పష్టంగా కనపడే జాగ ఆ గోరంతనే, మిగతాదంతా మసకే. కుందేలుకు అట్లాంటి ఒక్క చుక్క లేదు. దాని కంట్ల అడ్డంగా ఒక పట్టీ ఉంటది, నేల ఆకాశం కలిసే గీత పొడుగునా ఒకే తీరు చూస్తనికి. ఏం వస్తున్నదో తెల్వకున్నా పర్వాలేదు, ఏదో వస్తున్నదని తెలిస్తే చాలు దానికి. ఉరుకుడే గదా పని.

ఇగ అసలు తిరకాసు. ముక్కు కిందనే, మూతి దగ్గర దానికి ఏమీ కనపడదు. కొత్తిమీర కాడ నేరుగా మూతి ముందర పెట్టి, "తింటలేదు, మొండిది" అంటరు. మొండి కాదు, కనపడలే. కాడను పక్క నుంచి తెచ్చి మీసాలకు ఆనియ్యుండ్రి, ఎమ్మటే పట్టుకుంటది. పిల్లలు అదే జాగల వేలు పెడితే కాడ అనుకొని కొరుకుతది కూడా. తప్పు దానిది కాదు.

దగ్గరికి పోయే పద్ధతి చూపెడ్తున్నం. నిలబడి మీద నుంచి వంగద్దు, గద్ద దిగినట్టే ఉంటది దానికి. మీటరు దూరంల కూసోండ్రి, ముందుగాల మాట వినిపియ్యాలె, తర్వాత చెంప పక్క నుంచి చెయ్యి తెచ్చి నొసటి మీద రాయాలె. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఎద కింద, ఇంకో చెయ్యి వెనుక కాళ్ల కింద. అంగట్ల చెవులు పట్టుకొని వేలాడదీస్తరు, అది చూస్తే మాకు మస్తు కోపం వస్తది. కుందేలు ఎముకలన్నీ కలిపితే ఒంటి బరువుల 7, 8 శాతమే, పిల్లికి 12, 13 ఉంటది. బెదిరి వెనుక కాళ్లు బలంగా తన్నితే దాని నడుమెముక దానికే విరుగుతది.

రంగుల సంగతి. వరంగల్ అంటే మిర్చి గదా, 2025ల జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన చపాట మిర్చి గుప్పెడు తెచ్చి గడ్డి మీద పోసినం. గోడ మీది కోతికి మనలెక్కనే మూడు రంగుల కన్ను, ఎరుపు మంటలెక్క కొడతది. కోడికి నాలుగు రకాలు, మనకంటే మేలు. పైగా పక్షులకు కారం మంట తెల్వది, అది వేరే ముచ్చట. కుందేలుకు రెండే, నీలం, ఆకుపచ్చ. ఎర్ర మిర్చి దానికి గడ్డిలనే ఒక నల్లటి మరక. ఇది స్క్రీన్ మీద చూడాలంటే ఎడిటింగ్ల చానెల్ మిక్సర్ తీసి, ఎరుపు చానెల్ల ఎరుపును సున్న చేసి ఆకుపచ్చను 100 పెట్టుండ్రి. ఏ రంగులు కలిసిపోతయో తెలుస్తది. నీళ్ల గిన్నె నీలంది కొంటే మేలు, ఎర్రది అందం మనకే.

పొద్దుగూకింది. టార్చి కొడితే పిల్లి కండ్లు, బర్రె కండ్లు మెరుస్తున్నయ్. వాటి కంటి వెనుక అద్దంలాంటి పొర ఉంటది, కుందేలుకు లేదు. తెల్ల కుందేలు కండ్లు ఎర్రగ కనపడేది లోపలి నెత్తురు వల్ల. రంగు లేని ఆ కంట్లకు వెలుతురు అడ్డం లేకుండ పోతది, చూపు మసకైతది. అందుకే అది తల ఇటు అటు మెల్లగ ఊపుతది, దూరం అంచనా కోసం. దయ్యం పట్టలే, పిచ్చి లేవలే. మిట్టమధ్యాహ్నం ఎండల మాత్రం పెట్టద్దు.

పంజరం ఒక పక్క గోడకు ఆనాలె, ఇంకో పక్క గోనె సంచి కట్టాలె, మీద చెక్క కప్పాలె. అన్ని దిక్కులూ కనపడితే అన్ని దిక్కుల భయమే. సంక్రాంతికి డాబా మీద అసలే వద్దు, ప్రతి పతంగీ ఒక గద్దనే.

అమెరికాల లాన్‌ల తిరిగే కాటన్‌టెయిల్ అనే అడవి కుందేలు పిల్లలు కండ్లు మూసుకొనే పుడతయ్. ఇక్కడ పత్తి చేన్ల ఉండే చెవులపిల్లి పిల్లలు కండ్లు తెరిచే పుడతయ్. అమెరికాల ఉన్నోళ్లకు గడ్డి కోస్తుంటే కాటన్‌టెయిల్ గూడు కనపడితే గడ్డి మళ్ల కప్పి వదిలేయుండ్రి. తల్లి తెల్లారగట్ల, పొద్దుమీకి మాత్రమే వస్తది.

ఇదిగో, మన తెల్లది కండ్లు తెరిచే ఉన్నది. రెప్పలు గంటకు పది పన్నెండు సార్లే కొడతది, దాన్ని చూసి నిద్ర తెల్వదు. ముక్కు చూడుండ్రి. ఇప్పటిదాకా టకటక ఆడింది, ఇప్పుడు ఆగింది. పడుకున్నది.