అబ్బాయి సిటిజన్‌షిప్, గుంటూరులో ఎఫ్‌డీ

(సంక్రాంతి సెలవుల్లో గుంటూరు బ్రాడీపేటలో, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రుల సమావేశంలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పెద్దవాళ్లు, వెనకాల పండక్కి వచ్చిన పిల్లలు కూర్చున్నారు. చెప్పబోయేది పిల్లల సిటిజన్‌షిప్ గురించే అయినా నేను ఎక్కువగా మాట్లాడేది ముందు వరసలతోనే. అక్కడ చిక్కు తెచ్చే కాగితాలు చాలావరకు మీ బీరువాల్లో ఉన్నాయి మరి.

గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండితే, అమెరికా పౌరులను పెళ్లి చేసుకుని కలిసి ఉంటున్నవాళ్లకు మూడేళ్లు నిండితే, సిటిజన్‌షిప్ దరఖాస్తు, అంటే ఎన్-400 ఫారం, పెట్టుకోవచ్చు. అందులో పన్నుల సంగతి సూటిగానే అడుగుతారు. పన్ను బాకీ ఏమైనా ఉందా? గ్రీన్ కార్డు వచ్చాక ఎప్పుడైనా నాన్ రెసిడెంట్‌నని చెప్పి రిటర్న్ వేశారా, లేదా అదే కారణంతో వేయడం మానేశారా? దరఖాస్తు పెట్టినవాళ్లు ఆ ఐదేళ్లో మూడేళ్లో తమ నడవడి మంచిదని తామే చూపించుకోవాలి. అంతకుముందు సంగతులు కూడా ఆఫీసరు తవ్వొచ్చు. 2025 ఆగస్టులో వచ్చిన ఆదేశాలు ఇంకాస్త లోతుగా చూడమన్నాయి. పన్నులు సక్రమంగా కట్టడాన్ని, పాత బాకీ తీర్చెయ్యడాన్ని మంచి లెక్కలో వేసుకోమన్నదీ ఆ ఆదేశాలే.

బాకీ ఉందని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. రిటర్నులన్నీ వేసి, ఐఆర్ఎస్, అంటే అమెరికా పన్నుల శాఖతో వాయిదాల ఒప్పందం చేసుకుని, ఆ ఒప్పందం కాగితం, కడుతున్నట్టు రుజువులు ఇంటర్వ్యూకి పట్టుకెళ్తే చాలావరకు గట్టెక్కొచ్చు. కొంప ముంచేది దాచడం. ఇంటర్వ్యూలో ముందు ప్రమాణం చేయించి ఆ తర్వాతే ప్రశ్నలు వేస్తారు. పౌరసత్వం కోసం అక్కడ అబద్ధం ఆడితే, విషయం ఎంత చిన్నదైనా, ఆ ఒక్క అబద్ధంతోనే దరఖాస్తు పోతుంది.

ఇక బీరువా సంగతికి వద్దాం. రిటైరైన డబ్బుతో నాన్నగారు ఎఫ్‌డీ చేస్తారు. రేపు నాకేమైనా అయితే వాడు ఇబ్బంది పడకూడదని కొడుకు పేరు కూడా వేయిస్తారు, 'ఈదర్ ఆర్ సర్వైవర్' అని. రసీదు మీద ఆ రెండో పేరు పడిన రోజు నుంచి అమెరికా లెక్కలో అది వాడి ఖాతా కూడా. బయటి దేశాల్లో ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ అనే నివేదిక ఇవ్వాలి. జాయింటు ఖాతా అయితే సగం చూపిస్తే కుదరదు, మొత్తం చూపాలి. ఇది గ్రీన్ కార్డుతో మొదలయ్యేది కూడా కాదు, హెచ్‌1బీ రోజుల నుంచే ఉంది. డబ్బు నాన్నగారిదే కాబట్టి వడ్డీ మీద పన్ను అబ్బాయికి పడకపోవచ్చు. ఖాతా ఉందని చెప్పడం మాత్రం తప్పదు. రిటర్న్‌తో వెళ్లే షెడ్యూల్ బి లో 'విదేశాల్లో ఖాతా ఉందా' అని ఒక గడి ఉంటుంది. మనవాళ్లు చదవకుండానే 'నో' కొట్టేసి సంతకం పెట్టేస్తారు.

ఎవరికి తెలుస్తుందండీ అంటారా? అమెరికా వాళ్లకు ఇక్కడున్న ఖాతాల వివరాలు పంపుతామని 2015 జూలైలో మన దేశం అమెరికాతో ఒప్పందం చేసుకుంది, దాన్నే ఫాట్కా ఒప్పందం అంటారు. బ్యాంకులో ఫాట్కా డిక్లరేషన్ నింపించేది అందుకే. ఆ వివరాలు బ్యాంకు నుంచి మన ఆదాయపు పన్ను శాఖకు, అక్కడి నుంచి ఐఆర్ఎస్‌కు వెళ్తాయి.

'ఇక్కడ పన్ను లేదు కదా' అన్నది ఇంకో భ్రమ. ఎన్‌ఆర్‌ఈ అంటే ప్రవాసులు అక్కడి సంపాదన ఇక్కడ దాచుకునే ఖాతా. ఆ డిపాజిట్ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అక్కడ ఉంది. ప్రత్తిపాడు దగ్గర అబ్బాయి పేరున మిరప చేను ఉందనుకోండి. కౌలు మీరే తీసుకుని మీరే ఖర్చు పెట్టుకున్నా అక్కడ అది పొలం ఎవరి పేరున ఉందో వాళ్ల ఆదాయమే. తుళ్లూరు వైపు రాజధాని అమరావతి కోసం పూలింగ్‌కి ఇచ్చిన భూమికి వచ్చే కౌలు కూడా అంతే. మెట్టకు ఎకరానికి 30,000, నీటి వసతి ఉన్న జరీబు భూమికి 50,000 రూపాయలతో మొదలై ఏటా పెరిగిన ఆ డబ్బు అబ్బాయి ఖాతాలో పడుతుంటే చూపించాల్సిందే. ఏ పద్దు కింద చూపాలో అక్కడి అకౌంటెంట్, అంటే సీపీఏ, చూసుకుంటాడు. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ దొరుకుతుంది. ప్రవాసులు ఇక్కడి ఆదాయం వేసుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతా వడ్డీ మీద ఇక్కడే 30 శాతం పైచిలుకు కోస్తారు కాబట్టి చాలామందికి చివరికి తేలేది పెద్ద మొత్తమేం కాదు. అంతమాత్రానికి దాచి కూర్చోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

వెనక వరసల వాళ్లకు రెండు మాటలు. జనవరి వస్తే చాలు, రిఫండ్ ఎక్కువ తెప్పిస్తామని ఫోన్లు మొదలవుతాయి. లేని విరాళాలు రాస్తారు, భార్యతో కాపురం చేస్తున్నవాణ్ని, ఒంటరిగా ఇల్లు నడిపేవాళ్లకు పన్ను తగ్గించే 'హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్' చేస్తారు. వాళ్లు ఫీజు తీసుకుని పోతారు, సంతకం మీదే మిగులుతుంది. అలాగే అమ్మానాన్నల్ని చూసుకోవడానికి ఏడాది ఇక్కడ ఉండిపోయి, పన్ను కలిసొస్తుందని నాన్ రెసిడెంట్ రిటర్న్ వేస్తే, అక్కడి నివాసం వదిలేసుకున్నట్టు మీరే రాసిచ్చినట్టు అనుకుంటారు.

మరీ ముదిరితే ఏమవుతుందో కవాషిమా దంపతుల కేసు చూడండి. జపాన్ నుంచి వెళ్లి 1984 నుంచి గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు, కాలిఫోర్నియాలో రెస్టారెంట్లు నడిపారు. 1991 కంపెనీ రిటర్న్‌లో తప్పుడు లెక్క విషయంలో 1997లో నేరం ఒప్పుకున్నారు. సర్కారుకు 10,000 డాలర్లు దాటి నష్టం కలిగించిన మోసం కాబట్టి దేశం నుంచి పంపెయ్యడం సబబేనని 2012లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

మన ఇళ్లలో ఉండేది దాదాపుగా అజాగ్రత్తే, దానికి దారి ఉంది. ఐఆర్ఎస్ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు, అంటే మీరు వేసిన రిటర్నుల సారాంశం కాగితాలు, ఉచితంగా తెప్పించుకుని మీ బ్యాంకు కాగితాలతో పోల్చండి. రిటర్న్‌లో తప్పుంటే 1040-ఎక్స్ వేసి సరిచేయండి. బయటి ఖాతాలు చూపకపోతే స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది. మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్లు ఇచ్చి, కావాలని చేయలేదని రాసివ్వాలి. అమెరికాలో ఉంటున్నవాళ్లకు, చూపని ఆస్తుల మీద 5 శాతం జరిమానా. ఇవన్నీ అయ్యాకే ఎన్-400 జోలికి వెళ్లండి. ఆర్నెల్లు ఆలస్యమైతే కొంపలేం మునగవు, గ్రీన్ కార్డు చేతిలో ఉండనే ఉంది. పెద్దవాళ్లు చేయాల్సింది ఇంకా తేలిక. పిల్లలు ఫ్లైటెక్కేలోపు వాళ్ల పేరున్న ప్రతి పాస్‌బుక్కూ, బాండూ, పాలసీ ఫొటో తీయించి పంపండి.

తెలిసి తెలిసి దాచినవాళ్లు మాత్రం సభ అయ్యాక నా దగ్గరకు రాకండి. స్ట్రీమ్‌లైన్డ్ వాళ్లకు వర్తించదు, 'కావాలని చేయలేదు' అని రాసిస్తే అది రెండో నేరం. ముందు అక్కడి ట్యాక్స్ అటార్నీని కలవండి. క్రిమినల్ కేసంటూ వస్తే, లాయరుకు చెప్పిన మాటకున్న రక్షణ అకౌంటెంటుకు చెప్పిన మాటకు ఉండదు.

ఇక ప్రశ్నలు అడగండి.