ఆకలిని తెరిచే గ్లాసు

అధ్యక్షులవారికి, అధ్యాపకులకు, రేపో మాపో బార్ కౌంటర్ వెనక నిలబడబోయే మీ అందరికీ నమస్కారం. పరిచయాలు ఇప్పటికే ఎక్కువయ్యాయి, నేరుగా ఇటలీ వెళ్దాం.

అక్కడ రాత్రి భోజనానికి ముందు ఒక గ్లాసు, పక్కన గిన్నెలో ఆలివ్‌లు. అదే అపెరిటీవో. లాటిన్‌లో 'అపెరీరే' అంటే తెరవడం. తెరిచేది ఆకలిని. అందుకే అందులో జెన్షియన్ వేరు, సింకోనా బెరడు లాంటి చేదులు. చేదు తగిలితే నోరూరుతుంది. ఉత్త తీపి ఆ పని చెయ్యదు.

1786లో టూరిన్‌లో కార్పానో చేసిన వెర్మూత్ అనే మూలికల పానీయం, 1860లో నొవారాలో గాస్పారె కాంపారి తన పేరుతోనే చేసిన ఎర్రటి చేదు మద్యం, 1919లో పాడువాలో బార్బియేరి సోదరులు చేసిన అపెరోల్ అనే నారింజ రంగు తీపి చేదు మద్యం. ఈ చరిత్రే చెబుదామని వచ్చాను. కానీ ఐసు మాట ఎత్తకుండా ఉండలేను.

అపెరోల్‌తో చేసే స్ప్రిట్జ్ అనే కాక్‌టెయిల్‌కి పెద్ద వైన్ గ్లాసు అంచుదాకా ఐసు పొయ్యండి. రెండు ముక్కలేస్తే అవి చప్పున కరిగిపోతాయి, గ్లాసు నీళ్లపాలవుతుంది. ముందు ప్రొసెక్కో అనే బుడగల వైన్ 90 ఎం.ఎల్., తర్వాత అపెరోల్ 60, పైన కాస్త సోడా. అపెరోల్‌లో చక్కెర ఎక్కువ, బరువు. ముందే పోస్తే అడుగున కూర్చుంటుంది. పైనుంచి పోస్తే దిగుతూ దానంతటదే కలుస్తుంది. చెంచాతో ఒక్కసారి కిందనుంచి పైకి లేపండి, చాలు. గిరగిరా తిప్పితే బుడగలు పోతాయి. సోడా అప్పుడే తీసిన చిన్న సీసాలోదే వాడండి.

ఇక వెర్మూత్. దయచేసి ఇది రాసుకోండి. వెర్మూత్ అంటే వైనే! మూత తీసిన సీసాని విస్కీ పక్కన అలమరలో నెలల తరబడి పెడతారు. గాలి తగిలి మూలికల వాసన చచ్చిపోతుంది. నెగ్రోనీ అనే కాక్‌టెయిల్‌లో జిన్, కాంపారి, వెర్మూత్ తలా 30 ఎం.ఎల్. అంటే పాడైన వెర్మూత్ గ్లాసులో మూడో వంతు! మూత తీశాక ఫ్రిజ్‌లోనే పెట్టాలి, నెలా రెండు నెలల్లో అయిపోవాలి.

తిండి సంగతికొస్తే, ఆలివ్‌లు, వేరుశనగలు, చిప్స్, ఇటలీ దక్షిణాదిన తరాల్లి అనే కరకరలాడే చిన్న చుట్టలు. వెనిస్‌లో బాకరో అనే చిన్న వైన్ దుకాణాల్లో చికెట్టి అనే చిరుతిళ్లు పెడతారు. ఎండు కాడ్ చేపను నానబెట్టి, ఉడికించి, నూనె సన్నని ధారగా పోస్తూ వెన్నలా అయ్యేదాకా గిలక్కొట్టి చిన్న రొట్టెముక్క మీద పెట్టేది వాటిలో ఒకటి. ఒకటి రెండు ముక్కలే. పాస్తా, అన్నం పళ్లేలకు పళ్లేలు పెట్టేసి అపెరిచేనా అనే పద్ధతీ వచ్చింది. నా లెక్కన అది భోజనమే, అపెరిటీవో కాదు. మద్యం ముట్టనివాళ్లకు క్రొదీనో అనే మద్యం లేని పానీయం ఉంది, చేదుగానే ఉంటుంది.

ఈ బల్ల మీద రెండు గ్లాసుల్లో వెర్మూత్ ఉంది. ఒక సీసా ఈ ఉదయమే తీసింది, రెండోది నాలుగు నెలలుగా అలమరలో ఉన్నది. ఏది ఏదో చెప్పను. వరసగా వచ్చి వాసన చూడండి.