ఎవరి భుజం నొప్పి తగ్గింది?

(జాతీయ చేనేత దినోత్సవం నాడు యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న హెడ్మాస్టర్ గారికి, సహకార సంఘం పెద్దలకు, నాతోపాటు ఏళ్ల తరబడి చాక్‌పీసు పొడి మింగిన టీచర్లకు, ముందు వరసలో ఎండకు కళ్లు చికిలించి చూస్తున్న పిల్లలకు... పిల్లలూ, మీరు ఆ వేపచెట్టు కిందికి జరగండమ్మా. జరగండి, నేను ఆగుతాను. నాకు తొందరేం లేదు.

సరే. 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందని, అందుకే 2015 నుంచి ఈ రోజును చేనేత దినోత్సవంగా జరుపుకుంటున్నామని తొమ్మిదో తరగతి అమ్మాయి ఇందాక గడగడా చెప్పింది. మళ్లీ నేను చెప్పక్కర్లేదు. నన్ను చేనేత వారసత్వం మీద మాట్లాడమన్నారు. కాగితం మీద రాసుకొచ్చాను కూడా. అయితే నాకంటే ముందు మాట్లాడిన పెద్దాయన ఒక మాటన్నారు. అది విన్నాక ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

"ఆ రోజుల్లో ఇంట్లో టీవీ లేదు, ఫోను లేదు, మిషన్లు లేవు. ఇంటిల్లిపాదీ మగ్గం చుట్టూ హాయిగా బతికారు" అన్నారాయన. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆయన మీద కోపం లేదు, పెద్దవారు. కానీ నేను మా అమ్మ ఆసు పోయడం చూసినదాన్ని.

ఇక్కడున్న చేనేత కుటుంబాల వాళ్లకు చెప్పక్కర్లేదు, బయటినుంచి వచ్చిన అతిథుల కోసం చెప్తున్నా. మన పోచంపల్లి చీర మీద ఆ డిజైను రావాలంటే నూలుకు నేయకముందే రంగు పట్టాలి. దానికి చిటికి కట్టాలి, అంటే రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టాలి. చిటికి కట్టాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో పుల్లలు నాటిన చట్రం ఉంటుంది. మధ్య పుల్ల దగ్గర్నుంచి అంచు పుల్ల దాకా దారం తీసుకెళ్లాలి, మళ్లీ వెనక్కి తేవాలి. మళ్లీ పక్క పుల్లకు. చెయ్యి పోవాలి, రావాలి. ఒక చీరకు 9,000 సార్లు. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే 18,000 సార్లు. ఈ పని మగవాళ్లు చేసేవాళ్లు కాదు. వంట చేసి, బోళ్లు తోమి, పిల్లలకు తలంటి, అప్పుడు ఆసు ముందు కూర్చునేది ఆడవాళ్లే. రాత్రిపూట మా అమ్మ కుడిచెయ్యి పైకెత్తి జడ వేసుకోలేకపోయేది. నేనే వేసేదాన్ని. ఉప్పు మూట వేడిచేసి భుజానికి కాపడం పెడుతుంటే "ఇంకాస్త కిందికి బిడ్డా, ఇంకాస్త" అనేది. మిషన్లు లేని ఆ ఇంట్లో హాయి ఎవరిదో మీరే చెప్పండి.

ఆ నొప్పిని చూసి ఊరుకోలేనివాడు ఒకడుండె. ఆలేరు దగ్గర శారాజిపేట మనిషి, చింతకింది మల్లేశం. ఆరో తరగతితో బడి మానేసినవాడు. వాళ్లమ్మ లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు పోసే యంత్రం తయారుచేయాలని 1992లో పట్టుపట్టాడు. డబ్బు లేదు, ఇంజనీరింగు లేదు, పిచ్చోడన్నవాళ్లకు మాత్రం కొదవ లేదు. 1999 నాటికి యంత్రం తిరిగింది. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలూ, ఈ పేరు మీ సోషల్ పుస్తకంలో ఉన్నా లేకపోయినా నోటుబుక్కులో రాసుకోండి. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికి మా అమ్మ చెయ్యి పనికి దూరమైపోయింది. మా వదిన వాడింది. వదిన ఇప్పటికీ తన జడ తనే వేసుకుంటుంది.

గాంధీగారు యంత్రాలకు బద్ధవిరోధి అంటారు కదా. 1909లో ఆయన యంత్రాల మీద విరుచుకుపడ్డ మాట నిజమే. కానీ 1924లో ఒకరు గుచ్చిగుచ్చి అడిగితే సింగర్ కుట్టుమిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. ఆ సింగర్ అనే ఆయన, భార్య చేత్తో కుట్టుకుంటూ పడే యాతన చూడలేక ప్రేమతో దాన్ని తయారుచేశాడు కాబట్టి అది మంచి యంత్రమేనన్నారు. సింగర్ గురించి ఆయన చెప్పిన కథ ఎంతవరకు నిజమో గానీ, మన శారాజిపేట మల్లేశం కథ గాంధీగారికి తెలిసుంటే ఎంత సంతోషించేవారో!

అసలు విషయానికి వస్తాను. టైమయిందని సంఘం కార్యదర్శి గారు వాచీ చూసుకుంటున్నారు. కాస్త ఓపిక పట్టండి సార్, నన్ను పిలిచింది మీరే.

మాది చాలా సాదా ఇల్లు. టీవీ లేదు. ఫోన్లు గుమ్మం పక్క గూట్లో ఉంటాయి, మోగితే అక్కడికి పోయి నిలబడి మాట్లాడటమే. మా బిడ్డా అల్లుడూ నా దగ్గరే ఉంటారు, మొదట్లో సణిగారు, ఇప్పుడు అలవాటైంది. చుట్టాలు మాత్రం నన్ను పాతకాలం మనిషినంటారు. కాదు. గ్రైండరుంది, గ్యాసుంది, బట్టలుతికే మిషనుంది. ఏ వస్తువు గడప దాటి లోపలికొస్తానన్నా నేనడిగేది ఒకటే: నీవల్ల ఎవరి భుజం నొప్పి తగ్గుతుంది? మొన్న మా అల్లుడు "లైటు వెయ్" అంటే వేసే డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. లేచి స్విచ్చి వేసినందుకు మా ఇంట్లో ఇంతవరకు ఎవరి భుజమూ పట్టేయలేదు బాబూ అన్నాను. పాపం, వాపసు ఇచ్చొచ్చాడు.

మరి ఫోను మాటేమిటంటారా? మా అన్న కొడుకు చీరల ఫోటోలు వాట్సాప్‌లో పంపి బెంగళూరుకు అమ్ముతున్నాడు. మధ్యలో సేటు లేడు. ఆ ఫోను వాడి కడుపు నింపుతోంది, నేనెందుకు కాదంటాను? నా తగాదా ఆ ఫోను అన్నం కంచం దగ్గరకు వచ్చినప్పుడే.

చిటికి కట్టేటప్పుడు ఇల్లెట్లుండేదో చెప్తాను. పాత సైకిలు ట్యూబును సన్నగా పట్టీలు కోసి, ఆ రబ్బరుతో నూలును బిగించి కట్టేవాళ్లం, రంగు లోపలికి పోకుండా. చిన్నపిల్లల చేతికి కూడా ఆ పనిచ్చేవారు. చేతులకు తీరికుండేది కాదు, నోళ్లకు మాత్రం బోలెడు తీరిక. మా నాయిన పొడుపు కథలు వేసేవాడు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు", ఏంటది? చెప్పండి పిల్లలూ. ఆఁ, ఆ చివర నుంచి ఎవరో అన్నారు. కంటిరెప్పలు! శభాష్. మా నాయిన అయితే జవాబు ఓ పట్టాన చెప్పేవాడు కాదు. పొద్దున కట్టిన చిటికి సాయంత్రానికి అయిపోయేది కానీ కథ విడిపోయేది కాదు. మేం నిద్రలో కూడా తలుపులు లెక్కపెట్టేవాళ్లం.

ఇదే కథ ఆ మధ్య మా మనవడికి వేశాను. రెండో తరగతి వాడు. గూటి దగ్గరకు పరిగెత్తి ఫోనునడిగాడు. నేను నవ్వు ఆపుకునేలోపే జవాబొచ్చేసింది. "అయిపోయింది అమ్మమ్మా, ఇంకోటి చెప్పు" అన్నాడు. నాలుగు కథలు వేస్తే నాలుగూ అట్లనే అయిపోయినయి. నా దగ్గర కథలు అయిపోలేదు, వాడికే ఆట అయిపోయింది.

వాడికి ఫోను అలవాటు చేసిందెవరనుకుంటున్నారు? మేం కాదు. వాడి బడి. పేరు చెప్పను, ఈ బడి కాదు. హోంవర్కు వాట్సాప్ గ్రూపులో పెడతారు. అదీ రాత్రి ఎనిమిదింటికి, మేం అన్నాలకు కూర్చునే వేళకు. రెండో తరగతి పిల్లవాడి ఎక్కాలు చూడటానికి వాళ్లమ్మ గూట్లోంచి ఫోను తేవాలి. తెచ్చిన ఫోను వాడి చేతిలోంచి ఇక రాదు. నేను బడికి పోయి అడిగాను. "అందరికీ ఇదే పద్ధతి మేడమ్, మీరొక్కరే అభ్యంతరం చెప్తున్నారు" అన్నారు. నేను టీచర్నే కదా. నల్లబల్ల మీద రాస్తే పిల్లలు డైరీలో ఎక్కించుకునేవాళ్లు. చూసి రాయడం కూడా చదువే. ఇప్పుడు టైపు చేసి పంపడం వల్ల ఎవరి భుజం నొప్పి తగ్గిందో నాకైతే అర్థం కాలేదు.

ఈ బడిలో కూడా ఈ ఏడు క్లాసు గ్రూపులు మొదలయ్యాయని గేటు దగ్గర తల్లులు చెప్పారు. నిజమేనా సార్? నేనొక్కదాన్నేనో కాదో ఇప్పుడే చూద్దాం. హోంవర్కు డైరీలో రాస్తే చాలు, ఫోనులో వద్దు అనే తల్లిదండ్రులు చేతులెత్తండి. సిగ్గుపడకండి. వెనకాల నిలబడ్డ నాన్నలూ, మీరు కూడా. ఎత్తండి, ఎత్తండి... పిల్లలూ, మీరు రెండేసి చేతులెత్తితే చెల్లదు.

చూశారు కదా హెడ్మాస్టర్ గారూ. మీరు తల ఊపుతున్నారు కానీ వెనక వరస వాళ్లకు కనపడదు. ఇదిగో, మైకు తీసుకోండి. రేపటి నుంచా, సోమవారం నుంచా, మీ నోటితోనే చెప్పండి.